నొప్పి అన్నవాళ్ల మాట నమ్మండి: జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా ఆసుపత్రుల, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

మీ ఆసుపత్రి మందుల గదిలో మార్ఫిన్ మాత్రలు, అంటే నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు, ఉన్నాయా? ఆపరేషన్ థియేటర్ బీరువాలో తాళం వేసి ఉంచే సూదిమందు సంగతి కాదు నేనడిగేది. క్యాన్సర్ రోగి ఇంటికి తీసుకెళ్లి నాలుగు గంటలకోసారి మింగే 10 మిల్లీగ్రాముల మాత్ర గురించి. ఉంటే ఈ లేఖ మీకు కాదు, మీకు దండం పెట్టి పక్క జిల్లాకు వెళ్తాను. లేకపోతే ఎందుకు లేదో అడగాలని ఉంది.

మంత్రిగారికి రాయాల్సిన లేఖ మాకెందుకు రాశావని అనుకోవచ్చు. ఈ మందుకు అడ్డుపడిన మత్తుపదార్థాల చట్టాన్ని మార్చాల్సినవాళ్లు పదేళ్ల కిందటే మార్చేశారు. మందు మన దేశంలోనే తయారవుతోంది. ధర చూస్తే మాత్ర కొన్ని రూపాయలు. ఇక మిగిలింది ఒక దరఖాస్తు, ఒక డాక్టరుకు శిక్షణ, ఒక రిజిస్టరు. ఈ మూడూ మీ స్థాయిలో కదలాల్సిన పనులు. అందుకే మీకు రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. క్యాన్సర్‌తో పోయిన ఒక మనిషిని చివరి నెలల్లో దగ్గరుండి చూసినవాణ్ణి. ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, తెలిసిన డాక్టర్లనూ నర్సులనూ ప్రశ్నలతో విసిగించాను.

మా మేనత్తది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందిలాగే ఆమెకూ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోట్లోకి పెట్టుకుని పీల్చడం. తెలియనివాళ్లు నమ్మరు గానీ 1960ల నుంచీ పరిశోధకులు మా జిల్లాకూ విశాఖకూ వచ్చి దీని మీద అధ్యయనాలు చేశారు. వేరేచోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎందుకు కనిపిస్తోందో ఈ అలవాటే చెప్పింది. మా అత్తకు వచ్చింది అదే. బయటపడేసరికి ఆలస్యమైపోయింది, ఇక చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. అంతవరకు నేను ఎవరినీ తప్పు పట్టను.

ఇంటికొచ్చాక నొప్పి ముదిరింది. "ఇన్నేళ్లూ నిప్పు నోట్లో ఎట్టుకున్నాను, ఎప్పుడూ కాల్లేదురా. ఇప్పుడు కాలతంది" అనేది. పారాసెటమాల్ ఇచ్చారు. డైక్లోఫెనాక్ సూదులు వేశారు. తర్వాత ట్రమడాల్. అదీ కొద్దిసేపే. రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చుని దవడ పట్టుకుని ఊగేది. దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు, "క్యాన్సర్ అన్నాక నొప్పి ఉంటుంది కదండీ, కాస్త ఓర్చుకోవాలి" అన్నారు. మార్ఫిన్ సంగతి అడిగితే, "అది ఇక్కడ ఉండదు, విశాఖ వెళ్లండి" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. గది బయట వరండా చివరిదాకా జనం ఉన్నారు. ఆ మందు రాసే అలవాటు ఆయనకు లేదు, రాసినా ఇచ్చే కిటికీ ఆ ఆసుపత్రిలో లేదు.

చివరికి విశాఖ నుంచి మాత్రలు వచ్చాయి. ఆ రాత్రి ఆమె పడుకుంటే, అలా కదలకుండా పడుకోవడం చూసి ఎన్నాళ్లో అయింది కాబట్టి, భయమేసి మేమే లేపాం. తిట్టి మళ్లీ పడుకుంది. ఆ తర్వాత బతికిన కొద్ది రోజుల్లో మనవళ్ల మీద అరిచింది, గంజి పల్చగా ఉందని మా వదిన మీద విసుక్కుంది, తన గాజులు ఎవరికివ్వాలో చెప్పింది. ఈ పనులన్నీ చేయగలిగిన మనిషిని అంతకుముందు నెలలపాటు గోడకు ఆనుకుని ఊగుతూ ఉండనిచ్చింది జబ్బు కాదు, మాత్ర లేకపోవడం.

"కాస్త ఓర్చుకోవాలి." ఈ మాట మన ఆసుపత్రుల్లో ఎంత మామూలో మీకు తెలుసు. పురిటి గదిలో ఇంతకంటే మోటుగా వినిపిస్తుంది, ఆ సంగతి ఎత్తితే ఇంకో లేఖ అవుతుంది. నాకర్థమైనంతలో ఈ మాట వెనక ఒక లెక్క ఉంది: జబ్బు ఎంతో నొప్పి అంత, అంతకుమించి చెబితే అది రోగి పిరికితనం. ఈ లెక్క తప్పని తేలి చాలా కాలమైంది. 1944లో ఇటలీలోని అంజియో దగ్గర, యుద్ధంలో ఘోరంగా గాయపడిన సైనికులను హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు ఒక ప్రశ్న అడిగారు: నొప్పికి మందు కావాలా? దాదాపు ముప్పాతిక మంది వద్దన్నారు. తర్వాత ఆపరేషన్లు చేయించుకున్న మామూలు జనాన్ని అడిగితే, అంతకంటే చిన్న గాయాలున్నవాళ్లే ఎక్కువమంది మందు కావాలన్నారు. సైనికుడికి ఆ గాయం ప్రాణాలతో ఇంటికి వెళ్లడానికి టికెట్టు. మామూలు మనిషికి అది బతుకు తలకిందులు కావడం. ఇద్దరూ అబద్ధమాడలేదు.

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. గాయం నుంచి బయల్దేరిన సంకేతం ఉన్నదున్నట్టు మెదడుకు చేరదు. వెన్నుపాములోనే దాన్ని పెంచడమో తగ్గించడమో జరుగుతుంది, ఆ పనికి పైనుంచి మెదడు కూడా ఆదేశాలు పంపుతుంది. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత చాలా మారాయి గానీ అసలు సంగతి నిలిచింది. భయం, నిద్రలేమి, ఒంటరితనం నొప్పిని పెంచుతాయి. అలా పెరిగింది ఊహ కాదు, నిజంగానే పెరుగుతుంది. లండన్‌లో 1967లో చివరి దశ రోగుల కోసం ఆసుపత్రి తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా ఇదే చెప్పేవారు: రోగి నొప్పిలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, డబ్బు, దేవుడి మీద కోపం అన్నీ కలిసి ఉంటాయని. మనకు ఇది కొత్తగా అనిపించకూడదు. పొలం అమ్మి వైద్యం చేయించుకున్నవాడి నొప్పిలో ఆ పొలం కూడా ఉంటుంది.

అలాగని నొప్పి అంతా మనసులోనిదే అనుకుంటే ఇంకో పెద్ద పొరపాటు. శరీరంలో దానికోసం ప్రత్యేకంగా నరాలున్నాయి, ఆ నరాల కొసల్లో వేడినీ ఒత్తిడినీ దెబ్బనూ పసిగట్టే ప్రొటీన్లున్నాయి. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు ఎందుకు కాలినట్టుంటుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. కారంలోని క్యాప్సైసిన్ వెళ్లి తాకేది ఏ ప్రొటీన్‌నో, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తాకేదీ దాన్నే. కాబట్టి మెదడుకు కారమూ మంటా ఒకటే కబురు. ఆ పనికి 2021లో నోబెల్ వచ్చింది. ఈ నరాలకు పదవీ హోదా తెలియవు. బంజారాహిల్స్‌లో ఉన్నవాడి నోట్లోనూ మా అత్త నోట్లోనూ ఉన్నది అదే ప్రొటీన్.

నొప్పి మంచిదే కదా, అది మనల్ని కాపాడుతుంది కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, దానికి రుజువులు మన పక్కనే ఉన్నాయి. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు వల్ల కుళ్లి రాలిపోతాయని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ అది నిజం కాదని చూపించాడు. కుష్ఠు చేసేది నరాలను చంపడం. నొప్పి తెలియక రోగులు వేడి గిన్నెలు వట్టి చేతులతో పట్టుకుంటారు, కాలిలో మేకు దిగినా నడుస్తూనే ఉంటారు, రాత్రి నిద్రలో ఎలుక వేలు కొరికినా లేవరు. సాలూరులోనూ డిచ్‌పల్లిలోనూ కుష్ఠు ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లకు ఇవి చెప్పక్కర్లేని సంగతులు. ఇక పుట్టుకతోనే నొప్పి తెలియనివాళ్లు. ఉత్తర పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాల పిల్లల్లో ఎస్‌సీఎన్9ఏ అనే ఒక్క జన్యువు చెడిపోవడమే దీనికి కారణమని 2006లో కనుక్కున్నారు. ఆ పిల్లలు తమ నాలుకలూ పెదాలూ తామే కొరికేసుకున్నారు, ఎముకలు విరిగినా తెలియలేదు. పరిశోధకులు మొదట విన్నది వీధిలో చేతులకు కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బు సంపాదించే ఒక కుర్రాడి గురించి. వాళ్లు చూసేలోపే, పద్నాలుగేళ్లు నిండకుండానే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. దూకితే దెబ్బ తగులుతుందన్న జంకు అతనికి శరీరం నేర్పలేదు.

కాబట్టి నొప్పి తెలియడం వరమే, ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన వంటింట్లో చెయ్యి కాల్చుకున్నవాడికి సరిపోతుంది, అంగిలి క్యాన్సర్ నాలుగో దశలో ఉన్న ముసలామెకు కాదు. ఆమె నొప్పి ఎవరికి ఏం చెబుతోంది? జబ్బు ఉందని అందరికీ తెలుసు, తీసేయలేమని మీరే చెప్పారు. ఇల్లు కాలుతోందని ఊరంతా చేరాక కూడా ఆగకుండా మోగే గంట అది. ఆపడానికి తాడు మీ చేతిలో ఉంది.

ఇక చట్టం. 1985లో వచ్చిన మత్తుపదార్థాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) ఆ వ్యాపారం చేసేవాళ్లను శిక్షించడానికి పుట్టింది గానీ దెబ్బ రోగులకు తగిలింది. కనీసం పదేళ్ల జైలుశిక్షలున్న చట్టం అది. మార్ఫిన్ నిల్వ పెట్టుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు, వేర్వేరు శాఖల నుంచి, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి వచ్చేలోపు ఇంకోదాని గడువు తీరిపోయేది. ఆసుపత్రులు ఈ గొడవ మాకెందుకని వదిలేశాయి. పన్నెండేళ్లు తిరిగేసరికి దేశంలో మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. విచిత్రమేమిటంటే, అదే కాలంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండిస్తూనే ఉన్నారు, నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు దాన్ని శుద్ధి చేస్తూనే ఉన్నాయి, సరుకు విదేశాలకు వెళ్తూనే ఉంది. పండేది ఇక్కడ, నొప్పి తగ్గేది అక్కడ. మన దేశంలో ఈ మందు అవసరంలో 4 శాతమే తీరుతోందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది.

ఎం.ఆర్.రాజగోపాల్ లాంటి డాక్టర్లు, ఎన్నో సంఘాలు ఏళ్ల తరబడి తిరిగితే 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్, ఈ ఆరింటినీ అత్యావశ్యక మత్తుమందులుగా గుర్తించి దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. ఇప్పుడు ఆసుపత్రికి కావాల్సింది గుర్తింపు పొందిన వైద్యసంస్థ హోదా ఒక్కటే. అది ఇచ్చేది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్. నొప్పి నివారణలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి, నిల్వకు బాధ్యుడుండాలి, రోజువారీ రిజిస్టరు రాయాలి, ఏడాదికోసారి అంచనాలూ లెక్కలూ పంపాలి. కుక్క కాటు వ్యాక్సిన్‌కీ రక్తనిధికీ మీరు రాసే లెక్కల కంటే ఇదేం కష్టం కాదు. శిక్షణకు దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్లకూ నర్సులకూ నేర్పుతున్నారు. తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు (నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించేవి) పెట్టారు, మంచం దిగలేని రోగుల ఇళ్లకు ఆలన పేరుతో వాహనాలు వెళ్తున్నాయి. అంటే చేయొచ్చని మన దగ్గరే తేలింది. కేరళ సంగతి చెబితే "వాళ్లు వేరు" అంటారని తెలుసు, అయినా ఒక్క మాట: 1993లో కోజికోడ్‌లో కొద్దిమంది డాక్టర్లూ వాలంటీర్లూ కలిసి చిన్నగా మొదలుపెట్టిన పని 2008కల్లా ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది.

అలవాటు పడిపోతారేమోనన్న భయం మీలో చాలామందికి ఉంది. అమెరికాలో ఏం జరిగిందో పేపర్లలో అందరం చదివాం, మనవాళ్ల పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అక్కడ 1990ల చివర్లో కంపెనీలు నడుం నొప్పికీ మోకాలి నొప్పికీ కూడా బలమైన ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి మందులు) నెలలకు నెలలు రాయించాయి, ప్రమాదం లేదని ప్రచారం చేశాయి. నొప్పి స్కోరు తగ్గించడమే ఆసుపత్రికి టార్గెట్ అయితే ఏమవుతుందో కూడా అక్కడే చూశారు. మనం దాన్నుంచి నేర్చుకోవాల్సిందే: ఎవరికి, ఎందుకు, ఎంతకాలం అని రాసి పెట్టుకోవాలి, మాత్రల లెక్క చూడాలి. కానీ అమెరికాలో వరద వచ్చిందని శ్రీకాకుళంలో మంచినీళ్ల కుళాయి కట్టేయడం ఏ న్యాయం? చివరి దశ క్యాన్సర్ రోగికి మార్ఫిన్ కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నొప్పి చూసి పెంచుతూ వెళ్తే శ్వాస ఆగిపోతుందన్న భయం అక్కర్లేదని ఈ పని చేసే డాక్టర్లందరూ చెబుతారు. మొదట్లో రెండు మూడు రోజులు మగతా వాంతులూ ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం తప్పదు, అందుకే విరేచనం మందు కూడా తోడుగా రాయాలి. మా అత్తకు ఆ రెండో మందు ఎవరూ రాయలేదు, ఫార్మసీ కుర్రాడు చెబితే తెలిసింది. ఇంత చిన్న విషయం కూడా తెలిసినవాళ్లు దగ్గర్లో లేరనే నా బాధ.

మందు వచ్చినంత మాత్రాన అయిపోదు, అడగడం కూడా రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది: నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి మందివ్వాలని. వార్డులో సిస్టర్ పొద్దునా సాయంత్రం జ్వరం చూసినట్టే నొప్పి ఎంతుందని అడిగి కేస్‌షీట్‌లో రాయొచ్చు. సున్నా నుంచి పది దాకా అంటే చదువురానివాళ్లకు అర్థం కాదని సాకు చెప్పొద్దు. రూపాయికి ఎన్నణాలు నొప్పి ఉందంటే మా ఊరి ముసలమ్మలు టక్కున చెబుతారు. ఎలాంటి నొప్పో కూడా వాళ్లే చెబుతారు. సలుపు అన్నారా, పోటు అన్నారా, లేక మంటలు, సూదులతో పొడిచినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు అన్నారా అన్నది వినండి. చివరివి నరాల నొప్పిని పట్టిస్తాయి, దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కావాలి. రోగనిర్ధారణలో సగం పని రోగి నోట్లోంచే వస్తుంటే, "సరే సరే, తర్వాత" అని ఆపేయడం మీకే నష్టం.

చెప్పలేనివాళ్లు ఇంకా ఉన్నారు. 1980ల దాకా పసికందులకు నొప్పి సరిగా తెలియదని నమ్మి, పూర్తి మత్తు లేకుండానే గుండె పక్క ఆపరేషన్లు చేసిన ఆసుపత్రులు పెద్ద పెద్ద దేశాల్లో ఉన్నాయి. కదలకుండా ఉండే మందు ఇచ్చేవారు, నొప్పి మందు ఇచ్చేవారు కాదు. అది తప్పని రక్తంలోని ఒత్తిడి హార్మోన్లు కొలిచి చూపించినవాడు ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్. 1987లో ఆయన ఫలితాలు వచ్చాక పద్ధతులు మారాయి. నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు దానికి జోడించిన వివరణల్లో ఈ రెండు మాటలూ ఉన్నాయి: నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, మీ ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో) రోజుకు ఎన్నోసార్లు సూది గుచ్చించుకునే నెలలు నిండని పిల్లలు ఈ రెండో మాట కిందికి వస్తారు.

నేనడిగేవి పెద్దవి కావు. ఈ నెలలో డ్రగ్స్ కంట్రోలర్‌కు దరఖాస్తు పంపండి. ఒక డాక్టరునూ ఒక సిస్టర్‌నూ శిక్షణకు డిప్యూట్ చేయండి, వాళ్లు లేని రోజుల్లో డ్యూటీలు సర్దడం కష్టమేనని తెలుసు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో ఈ అంశాన్ని అజెండాలో పెట్టండి, ఎమ్మెల్యేగారు కూడా ఉంటారు కాబట్టి పక్క జిల్లాలో ఉంది మన దగ్గర లేదన్న మాట పనికొస్తుంది. దరఖాస్తు ఎక్కడైనా ఆగితే ఏ సెక్షన్‌లో, ఏ తేదీ నుంచి ఆగిందో బయటపెట్టండి, అడగడానికి మాలాంటివాళ్లం ఉన్నాం.

ఈ లేఖకు జవాబు రాయక్కర్లేదు. ఓపీ గోడ మీద ఒక బోర్డు పెట్టండి: మార్ఫిన్ మాత్రలు ఫలానా గదిలో, ఫలానా రోజుల్లో, ఫలానా డాక్టరుగారి చీటీ మీద ఇవ్వబడును అని. విశాఖ బస్సు ఎక్కే ముందు చూసుకుంటాం.

ఇట్లు,
క్యాన్సర్‌తో పోయిన ఒకావిడ మేనల్లుడు,
శ్రీకాకుళం జిల్లా